మూడు శాతం తప్పుకు ఎంత ఖరీదు?

నెదర్లాండ్స్‌లో హేగ్ నగరాన్ని ఆనుకుని వెస్ట్‌లాండ్ అనే ప్రాంతం ఉంది. పైనుంచి చూస్తే అక్కడ మట్టి కన్నా గాజే ఎక్కువగా కనిపిస్తుంది. టమాటా, క్యాప్సికం, కీరా, గులాబీ, జెర్బెరా, ఆర్కిడ్ అన్నీ గాజుకప్పుల కిందే పండుతాయి. దేశం మొత్తం మీద దాదాపు పదివేల హెక్టార్లలో ఇలాంటి గ్రీన్‌హౌస్‌లున్నాయి. 1959లో ఆ దేశపు ఉత్తరాన గ్రోనింగెన్‌లో భారీ సహజవాయు నిక్షేపం బయటపడింది. ఆ గ్యాస్ చవగ్గా దొరకడం వల్లే ఈ సేద్యం ఇంతగా విస్తరించింది. 2022 గ్యాస్ ధరల సంక్షోభానికి ముందు ఈ గ్రీన్‌హౌస్‌లన్నీ కలిసి ఏటా సుమారు 300 కోట్ల ఘనమీటర్ల గ్యాస్ వాడేవి. అంటే ప్రతి చదరపు మీటరు సాగుకు ఏడాదికి దాదాపు 30 ఘనమీటర్లు. ఇంత ఇంధనం కాల్చి వెచ్చబెట్టిన ఇంటికి, చలికాలపు రాత్రి కూడా పైకప్పు కిటికీలు కాస్త తెరిచి ఉంచడం అక్కడ ఏళ్ల తరబడి మామూలు పద్ధతి. కింద గొట్టాల్లో వేడినీళ్లు తిరుగుతుంటాయి, పైన వెచ్చటి గాలి బయటికి పోతుంటుంది. మొదటిసారి చూసినవారికి ఇది మతిలేని పనిలా అనిపిస్తుంది. పెంపకందారు తెలిసే చేస్తాడు. లోపలి తేమను బయటికి పంపడానికి అతనికి అందుబాటులో ఉన్న తేలికైన మార్గం అదే.

మొక్క పగలూ రాత్రీ ఆకుల నుంచి నీటిని ఆవిరిగా వదులుతూనే ఉంటుంది. మూసిన గాజింట్లో ఆ ఆవిరి పోగుపడుతుంది. గాలి ఏ వేడి దగ్గర ఎంత ఆవిరిని మోయగలదో దానికి ఒక హద్దు ఉంది. 20 డిగ్రీల దగ్గర ఒక ఘనమీటరు గాలి సుమారు 17.3 గ్రాముల ఆవిరిని మోస్తుంది. అందులో 90 శాతం నిండి ఉంటే ఆ గాలి 18.3 డిగ్రీలకు చల్లబడగానే నీటి బొట్లు తేలతాయి. తేమ 93 శాతమైతే 18.8 డిగ్రీలకే తేలతాయి. అంటే గాలి కన్నా ఒకటిన్నర డిగ్రీ చల్లగా ఉన్న ఆకు మొదటి గాలిలో పొడిగానే ఉంటుంది, రెండోదాంట్లో తడిసిపోతుంది. తెల్లవారుజామున ఎండ పడగానే గాలి తొందరగా వేడెక్కుతుంది, టమాటా కాయ మాత్రం తన బరువు వల్ల ఇంకా చల్లగానే ఉంటుంది. ఆ సమయంలో కాయ మీద పలుచటి నీటి పొర ఏర్పడుతుంది. బోట్రైటిస్ అనే బూజు సిద్ధబీజాలు మొలకెత్తడానికి ఆ పొర కొన్ని గంటలు నిలిస్తే చాలు. ఆకులు తుంచిన గాయాల దగ్గర అది కాండంలోకి దిగితే మొత్తం మొక్కే పోతుంది. అందుకే పెంపకందారుకు చలి కన్నా తేమంటేనే ఎక్కువ భయం.

గ్రీన్‌హౌస్‌లో ఇంధనం ఆదా చేయడమెలా అని ఎక్కడ చర్చ జరిగినా మాట పెద్ద యంత్రాల మీదికే పోతుంది. కొత్త బాయిలరా, భూగర్భ వేడినీళ్లా, ఎల్‌ఈడీ దీపాలా, రెండు పొరల గాజా అని లెక్కలు వేస్తారు. అవన్నీ పనికొచ్చేవే. కానీ వీటన్నిటినీ ఎప్పుడు నడపాలో, ఎంత నడపాలో తేల్చేది గాలిలో వేలాడే ఒక చిన్న పెట్టె చెప్పే అంకె. ఆ అంకె తప్పయితే ఎంత మంచి యంత్రమైనా తప్పు పనినే చక్కగా చేస్తుంది. తేమ కొలతలో తప్పు చాలా సందర్భాల్లో ఒకే పక్కకు, ఇంధనం వృథా అయ్యే పక్కకు, ఒరుగుతుంది. ఈ వ్యాసంలో నేను నిలబెట్టదలచిన వాదన ఇదే. కొలత మీద నమ్మకం లేనప్పుడు పెంపకందారు కలుపుకునే భద్రత మోతాదు ఆ వృథాను ఇంకా పెంచుతుంది.

ముందు ఆ పెట్టెను దగ్గర్నుంచి చూద్దాం. డచ్ గ్రీన్‌హౌస్‌లలో దశాబ్దాలుగా వాడుతున్నది తెల్లటి చిన్న పెట్టె. మొక్కల కొసలకు సమానంగా తీగకు వేలాడుతుంది. పంట పెరిగేకొద్దీ దాన్నీ పైకి జరుపుతారు. లోపల రెండు థర్మామీటర్లు, ఒక చిన్న ఫ్యాను. ఒక థర్మామీటరు పొడిగా ఉంటుంది. రెండోదానికి నూలు వత్తి తొడిగి, వత్తి రెండో కొసను నీళ్ల బుడ్డిలో ముంచుతారు. ఫ్యాను గాలిని సెకనుకు రెండు మూడు మీటర్ల వేగంతో లోపలికి లాగుతుంది. తడి వత్తి నుంచి నీరు ఆవిరవుతూ ఆ థర్మామీటరును చల్లబరుస్తుంది. గాలి ఎంత పొడిగా ఉంటే అంత ఎక్కువ చల్లబడుతుంది. రెండు అంకెల మధ్య తేడా నుంచి కంప్యూటరు తేమ శాతాన్ని లెక్కగడుతుంది. ఫ్యానుతో గాలిని లాగే ఈ పద్ధతిని 19వ శతాబ్దం చివర్లో జర్మన్ వాతావరణ శాస్త్రజ్ఞుడు రిచర్డ్ అస్మాన్ స్థిరపరిచాడు. సూత్రంలో వంక పెట్టడానికేమీ లేదు. శ్రద్ధగా చూసుకుంటే ఇప్పటికీ అతి నమ్మకమైన కొలతల్లో ఇదొకటి.

చూసుకోకపోతే ఏమవుతుందన్నదే అసలు సంగతి. బుడ్డిలో స్వేదనజలం బదులు కుళాయి నీళ్లు పోస్తే, నీరు ఆవిరైన చోట లవణాలు పేరుకుని వత్తి గట్టిపడుతుంది. వెలుతురు తగిలితే పాకుడు పట్టి జారుడుగా తయారవుతుంది. దుమ్ము చేరితే నీరు పైకి ఎక్కదు. ఫ్యాను నెమ్మదిస్తే ఆవిరయ్యే వేగం తగ్గుతుంది. బుడ్డి ఖాళీ అయితే వత్తి ఎండిపోతుంది. ఇవి ఐదు వేర్వేరు లోపాలు. కానీ ఐదింటి ఫలితం ఒకటే. తడి థర్మామీటరు చల్లబడాల్సినంత చల్లబడదు, పొడి థర్మామీటరుకు దగ్గరగా జరుగుతుంది. కంప్యూటరు దాన్ని గాలిలో తేమ ఎక్కువగా ఉందని అర్థం చేసుకుంటుంది. పొడి థర్మామీటరు 20 డిగ్రీలు, తడిది 18 డిగ్రీలు చూపిస్తే తేమ సుమారు 82.5 శాతం. వత్తి కాస్త మురికిపట్టి తడి థర్మామీటరు 18.3 చూపించిందనుకోండి, లెక్క 85 శాతానికి పోతుంది. మూడు పదోవంతుల డిగ్రీకి రెండున్నర శాతం తేడా! వత్తి పూర్తిగా ఎండిపోతే రెండూ ఒకే అంకె చూపిస్తాయి, కంప్యూటరు నూరు శాతం తేమ ఉందనుకుంటుంది, కిటికీలు తెరిచి గొట్టాలు వేడి చేయమని ఆజ్ఞాపిస్తుంది.

ఈ వత్తి బాధ పడలేక చాలామంది ఎలక్ట్రానిక్ సెన్సర్లకు మారారు. వీటిలో పలుచటి పాలిమర్ పొర ఒకటి ఉంటుంది. అది గాలిలోని ఆవిరిని పీల్చుకున్న కొద్దీ దాని విద్యుత్ లక్షణం మారుతుంది, ఆ మార్పును తేమ శాతంగా చదువుతారు. నీళ్లు పోయనక్కర్లేదు, వత్తి మార్చనక్కర్లేదు. కొత్తగా ఉన్నప్పుడు రెండు మూడు శాతం అటూ ఇటుగా సరిగానే చెబుతాయి. చిక్కేమిటంటే, ఎప్పుడూ 80 శాతం పైన తేమలో ఉండే సెన్సర్ క్రమంగా ఉన్నదాని కన్నా ఎక్కువ చూపించడం మొదలుపెడుతుంది. కొందరు తయారీదారులు తమ పత్రాల్లోనే ఆ మాట రాస్తారు. కొన్ని రోజులు ఎడతెగని తేమలో ఉంటే సుమారు మూడు శాతం పైకి జరగవచ్చని, పొడి వాతావరణంలో మళ్లీ సర్దుకుంటుందని చెబుతారు. గ్రీన్‌హౌస్‌లో ఆ పొడి వాతావరణం రాదే! ఇక బూడిద తెగులుకు గులాబీ తోటల్లో గంధకం పొగ పెడతారు, పురుగుమందులు చల్లుతారు. ఆ ఆవిర్లు పాలిమర్ పొరలోకి చేరితే సెన్సర్ ఎటు జరుగుతుందో చెప్పలేం గానీ జరగడం మాత్రం ఖాయం. గ్రీన్‌హౌస్ గాలి ఇలాంటి సెన్సర్లకు అతి కఠినమైన చోటు. వాటి కచ్చితత్వాన్ని ప్రకటించింది మాత్రం శుభ్రమైన ప్రయోగశాలలో కొలిచి.

మూడు శాతం తేడాకు ఇంత రాద్ధాంతమా అని పాఠకులకు అనిపించవచ్చు. లెక్క వేసి చూద్దాం. పెంపకందారు తేమ 85 శాతం దాటకూడదని కంప్యూటరుకు చెప్పాడు. సెన్సర్ మూడు శాతం ఎక్కువ చూపిస్తోంది. అప్పుడు నిజానికి గాలి 82 శాతం దగ్గర నిలుస్తుంది. మొక్క నీటిని వదిలే వేగం గాలిలో ఇంకా ఎంత ఖాళీ ఉందన్నదాన్ని బట్టి ఉంటుంది. 85 శాతం దగ్గర ఖాళీ 15 వంతులు, 82 దగ్గర 18 వంతులు. అంటే ఆవిరిని లాగే బలం ఐదో వంతు పెరిగింది. గాలిని పొడిగా ఉంచాలని చూసినకొద్దీ మొక్క మరింత నీటిని గాలిలోకి వదులుతుందన్నమాట. రెండో దెబ్బ ఇంకొకటుంది. బయట 5 డిగ్రీల చలిలో ఘనమీటరు గాలిలో ఆరు గ్రాముల చొప్పున ఆవిరి ఉందనుకుందాం. 85 శాతం దగ్గర లోపలి గాలిలో 14.7 గ్రాములుంటాయి కాబట్టి, బయటికి పోయే ప్రతి ఘనమీటరూ 8.7 గ్రాముల నీటిని మోసుకుపోతుంది. 82 దగ్గర అది 8.2 గ్రాములే. తీసేయాల్సిన నీరు పెరిగింది, ఒక్కో ఘనమీటరు మోసే నీరు తగ్గింది. రెండూ కలిపితే బయటికి వదలాల్సిన వెచ్చటి గాలి పావు వంతుకు పైగా పెరుగుతుంది. ఆకు చల్లబడటం, గాజు మీద నీరు చేరడం లాంటివి లెక్కలోకి తీసుకుంటే నిజమైన అంకె కొంత తగ్గుతుంది. అయినా తేమను అదుపు చేయడానికి పెట్టే ఖర్చులో గణనీయమైన భాగం కేవలం తప్పు కొలత వల్ల పోతోందన్న సంగతి మారదు. లోపలికి వచ్చే ప్రతి ఘనమీటరు చల్లగాలినీ మళ్లీ 15 డిగ్రీలు వేడి చేయాలి. ఆకు నుంచి ప్రతి కిలో నీరు ఆవిరవడానికి సుమారు 2.45 మెగాజూళ్ల వేడి కావాలి. రాత్రిపూట ఆ వేడి ఎక్కువగా బాయిలరు నుంచే రావాలి.

సెన్సర్ వల్ల నేరుగా పోయే ఇంధనం ఇది. కొలత మీద అనుమానం వల్ల పోయేది దీనికన్నా పెద్దదని నా అభిప్రాయం. పంట 90 శాతం తేమను తట్టుకుంటుందని పెంపకందారుకు తెలుసు. కానీ తన అంకె నిజమో కాదో తెలియదు, ఇంటి మూలల్లో ఎంత ఉందో తెలియదు. కాబట్టి 85 దగ్గరే గీత గీస్తాడు. మరికొంత భయముంటే 82 దగ్గర గీస్తాడు. గొట్టాల్లో నీళ్లు ఎప్పుడూ 40 డిగ్రీలకు తగ్గకూడదని ఒక కనీస హద్దు పెడతాడు. బయట ఎండ కాసి ఇల్లు దానంతటదే వెచ్చబడిన రోజున కూడా ఆ గొట్టాలు వేడిగానే ఉంటాయి. పైన వేడిని ఆపే తెరలు కడతారు. రాత్రి వాటిని పూర్తిగా మూసి ఉంచితే వేడి చాలా వరకు లోపలే ఉంటుంది. ఆకులు చల్లటి గాజువైపు వేడిని కోల్పోయి చల్లబడటం కూడా తగ్గుతుంది కాబట్టి మంచు పట్టే ముప్పూ తగ్గుతుంది. అయినా తేమ అంకె పెరుగుతుంటే మనసొప్పక తెరలో జానెడు సందు వదులుతాడు. ఆ సందులోంచి చల్లటి గాలి కుండపోతగా కిందికి దిగి, ఒకచోట చలి, ఇంకోచోట వేడి తయారవుతాయి. చలి పడ్డ చోట తేమ శాతం పెరుగుతుంది. భయపడి చేసిన పని భయపడిన ఫలితాన్నే తెస్తుంది.

ఈ అలవాట్లను డచ్ పరిశోధకులే ప్రశ్నించారు. ‘కొత్త సాగు’ అనే అర్థం వచ్చే పేరుతో అక్కడ ఒక ఉద్యమం లాంటిది నడిచింది. గేలెన్, ఫోఖ్ట్, ఫాన్ వేల్ అనే ముగ్గురు నిపుణులు ఆ ఆలోచనలను 2018లో ‘ప్లాంట్ ఎంపవర్‌మెంట్’ అనే పుస్తకంగా తెచ్చారు. వారు చెప్పిన దాంట్లో మనకు కావలసినది ఇంత: మొక్కచేత బలవంతంగా ఆవిరి వదిలించడానికి గొట్టాలు వేడి చేయనక్కర్లేదు, తెరలను ఎక్కువసేపు మూసి ఉంచవచ్చు, ఫ్యాన్లతో గాలిని సమంగా కదిలిస్తే ఎక్కువ తేమలో కూడా పంట ఆరోగ్యంగా ఉంటుంది. వేడిని, నీటిని, వెలుతురును జమాఖర్చుల్లా సరితూచాలన్నది వారి పద్ధతి. జమాఖర్చులు రాయాలంటే అంకెలు నిజమై ఉండాలి. 85 దగ్గర తప్పు చేస్తే పంటకు పెద్దగా నష్టం లేదు, గ్యాస్ పోతుంది, అంతే. 92 దగ్గర నడపాలనుకున్నవాడికి మూడు శాతం తప్పంటే నీటి బొట్టు అంచున నిలబడటం. కాబట్టి ఇంధనం ఆదా చేసే ఏ కొత్త పద్ధతైనా పాత పద్ధతి కన్నా మంచి కొలతను అడుగుతుంది. 2022 ఆగస్టులో యూరప్ గ్యాస్ మార్కెట్లో మెగావాట్ అవర్ ధర 300 యూరోలు దాటింది. 2021కి ముందు ఏళ్లలో అది 20 యూరోల చుట్టుపక్కల ఉండేది. ఆ చలికాలం చాలామంది గ్రీన్‌హౌస్‌ను ఖాళీగా ఉంచారు, కొందరు వేడి తగ్గించారు, నాట్లు ఆలస్యం చేశారు. మరుసటి ఏడాది అక్టోబరు 1న గ్రోనింగెన్‌లో గ్యాస్ తీయడమే ఆపేశారు. తవ్వకాల వల్ల వస్తున్న భూకంపాలు దానికి కారణం. చవక గ్యాస్ ఉన్నంతకాలం తప్పు కొలత ఖర్చును ఎవరూ పట్టించుకోలేదు, ఇప్పుడు పట్టించుకోక తప్పదు.

దీనికి వచ్చే మొదటి అభ్యంతరం ఇది: తప్పులు అటూ ఇటూ ఉంటాయి, మొత్తం మీద సర్దుకుపోతాయి కదా? ఉష్ణోగ్రత విషయంలో ఈ మాటలో నిజముంది. మొక్క ఒక రోజు, రెండు రోజుల సగటు వేడికే ఎక్కువగా స్పందిస్తుంది. ఒక రాత్రి అర డిగ్రీ తగ్గినా మరుసటి పగలు అది పూడుతుంది. అయితే సెన్సరే ఎప్పుడూ ఒక డిగ్రీ తక్కువ చూపిస్తుంటే ఆ సగటు కూడా తప్పే. బయట 5, లోపల 18 డిగ్రీలైతే తేడా 13. దానికి ఒక డిగ్రీ అదనంగా కలిస్తే వేడి ఖర్చు సుమారు 8 శాతం పెరుగుతుంది. తేమ విషయంలో ఈ వాదన అసలు నిలవదు. వత్తి లోపాలన్నీ ఒకే పక్కకు లాగుతాయని చూశాం. ఒకవేళ తప్పులు రెండు పక్కలా సమానంగా పుట్టినా, రెండూ సమానంగా బతకవు. సెన్సర్ తేమను తక్కువగా చూపిస్తే ఇంట్లో బూజు వస్తుంది, పెంపకందారు వెంటనే పెట్టె విప్పి చూస్తాడు, సరిచేస్తాడు. ఎక్కువగా చూపిస్తే మొక్కలు పొడిగా, ఆరోగ్యంగా కనిపిస్తాయి. ఎవరికీ అనుమానం రాదు. దాని జాడ ఒక్క గ్యాస్ బిల్లులోనే ఉంటుంది, అక్కడ కూడా చలి ఎక్కువైందనో, ధర పెరిగిందనో సర్దిచెప్పుకుంటారు. ఇలా పంటకు హాని చేసే తప్పులు దొరికిపోతాయి, ఇంధనాన్ని తినే తప్పులు ఏళ్ల తరబడి మిగిలిపోతాయి.

రెండో అభ్యంతరం దీనికన్నా బలమైనది. ఎంత కచ్చితమైన సెన్సరైనా తానున్న చోటు సంగతే చెబుతుంది. అర హెక్టారు ఇంట్లో ఒక మూలకూ మరో మూలకూ రెండు మూడు డిగ్రీల తేడా ఉండవచ్చు. అలాంటప్పుడు ఒక శాతం కచ్చితత్వం కోసం పాకులాడటం కన్నా చవక సెన్సర్లు ఇరవై పెట్టడం మేలు కదా? ఈ మాట సగం ఒప్పుకుంటాను. ఇంటి లోపలి తేడాలు తెలియకుండా ఎవరూ గీతను 92 దగ్గరికి జరపలేరు, జరపకూడదు కూడా. కానీ ఇరవై సెన్సర్లు పెట్టి, ఒకటి 84, ఇంకొకటి 89 చూపిస్తే ఆ తేడా ఇంటిదా, సెన్సర్లదా? ముందు ఇరవైటినీ ఒకేచోట ఒక రాత్రంతా పక్కపక్కన వేలాడదీసి, అన్నీ ఒకే మాట చెబుతున్నాయో లేదో చూడాలి. తేడా ఉన్నవాటికి సవరణ వేశాక వాటిని నాలుగు మూలలకూ పంపాలి. ఈ ఒక్క రాత్రి పని చేయకుండా గీసిన రంగురంగుల పటాలు కంప్యూటరు తెరమీద ఎంత అందంగా ఉన్నా వాటిని నమ్మి కిటికీ తెరవడం ప్రమాదం. చోటుకూ కచ్చితత్వానికీ పోటీ పెట్టనక్కర్లేదు. ముందు సరిచూసిన సెన్సరే తరువాత చోటు తేడాను పట్టిస్తుంది.

కృత్రిమ మేధ ఇవన్నీ తానే చూసుకుంటుందనేవారూ ఉన్నారు. వాగెనింగెన్ విశ్వవిద్యాలయం 2018లో బ్లైస్‌వైక్‌లోని తన గ్రీన్‌హౌస్‌లలో ఒక పోటీ పెట్టింది. మనుషులు దూరాన కూర్చుని అల్గోరిథంలతో కీరా పంట పండించాలి. మైక్రోసాఫ్ట్ పరిశోధకుల జట్టు మొదటి స్థానంలో నిలిచింది. తరువాతి పోటీల్లో చెర్రీ టమాటా, లెట్యూస్ కూడా అలాగే పండించారు. ఇది చిన్న విజయం కాదు. అయితే ఆ గ్రీన్‌హౌస్‌లు పరిశోధన కేంద్రంలోవి. అక్కడ పరికరాలను చూసుకోవడమే వృత్తిగా ఉన్న మనుషులున్నారు. మామూలు తోటలో వత్తి ఎండిన పెట్టె నుంచి వచ్చే అంకెలతో నేర్చుకున్న అల్గోరిథం, ఎండిన వత్తికి తగ్గ వాతావరణాన్నే నేర్చుకుంటుంది. అనుభవమున్న పెంపకందారు లోపలికి అడుగుపెట్టగానే కళ్లద్దాల మీద ఆవిరి పట్టిందా, ఆకు అంచున బొట్లున్నాయా అని చూసి అంకెను అనుమానిస్తాడు. యంత్రానికి ఆ అవకాశం మనం ఇస్తే తప్ప ఉండదు. మనిషి తప్పుకున్న కొద్దీ కొలత మీద భారం పెరుగుతుంది.

బొగ్గుపులుసు వాయువు గురించి ఒక్క మాట. డచ్ పెంపకందారులు పంట పెరుగుదల కోసం దాన్ని లోపలికి వదులుతారు. చాలాచోట్ల అది బాయిలరు పొగ నుంచే వస్తుంది కాబట్టి, వేసవిలో వేడి అక్కర్లేకపోయినా ఈ వాయువు కోసం గ్యాస్ కాలుస్తారు. ఘనమీటరు గ్యాస్‌కు వచ్చేది 1.8 కిలోలు. ఈ వాయువును కొలిచే చవక సెన్సర్లు కొన్ని వారానికి ఒకసారైనా బయటి గాలి తగులుతుందని ఊహించుకుని, తాము చూసిన కనిష్ఠ అంకెనే బయటి గాలిగా భావించి తమను తాము సరిచేసుకుంటాయి. ఎప్పుడూ వాయువు నింపి ఉంచే ఇంట్లో ఆ ఊహ తప్పు. సెన్సర్ తక్కువ చూపిస్తుంది, అవసరం లేకపోయినా గ్యాస్ మండుతుంది. ఇలాంటి ఇళ్లలో ఆ స్వయం సవరణను ఆపేసి, తెలిసిన వాయువుతో సరిచూడటమే పద్ధతి.

ఇక మన సంగతి. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్‌లలో పాలీహౌస్‌లకు బాయిలర్లు లేవు. ఎక్కువ భాగం పక్కల తెరలు చుట్టి ఎత్తి, సహజంగా గాలి ఆడేలా కట్టినవే. వాటికి పైన చెప్పిన లెక్కలు వర్తిస్తాయని చెప్పడం సరికాదు. ఫ్యాన్లు, తడి ప్యాడ్లు పెట్టిన నర్సరీలు, పూల తోటలు వేరు. అక్కడ కరెంటు ఖర్చవుతుంది, కొలత తప్పు పని చేయిస్తుంది. మన దగ్గర సర్వసాధారణమైన లోపం వత్తి కాదు, ఎండ. కప్పు కింద ఒక స్తంభానికి నేరుగా ఎండ తగిలేలా బిగించిన సెన్సర్ గాలి వేడిని చెప్పదు, తన ఒంటి వేడిని చెబుతుంది. గాలి 30 దగ్గర ఉంటే అది మూడు నాలుగు డిగ్రీలు ఎక్కువ చూపించడంలో ఆశ్చర్యం లేదు. ఫ్యాన్లు పొద్దున ముందే మొదలై సాయంత్రం ఆలస్యంగా ఆగుతాయి. ఒక్కో ఫ్యానుకు ఒక కిలోవాట్ మోటారు చొప్పున పది ఫ్యాన్లు రోజుకు రెండు గంటలు అనవసరంగా తిరిగితే 20 యూనిట్లు పోయినట్టే. తడి ప్యాడ్‌కు తేమ లెక్క కూడా కావాలి. ఏప్రిల్‌లో 40 డిగ్రీల పొడి గాలి ప్యాడ్ దాటి వచ్చేసరికి 27 డిగ్రీల దగ్గరికి దిగుతుంది. ఆగస్టులో బయట 30 డిగ్రీలు, 80 శాతం తేమ ఉన్న రోజున అదే ప్యాడ్ రెండున్నర డిగ్రీల కన్నా దించలేదు. పైగా లోపలి తేమను తొంభై దాటిస్తుంది, తెగులు తెస్తుంది. ఆ రోజున పంపు ఆపి ఫ్యాన్లు మాత్రమే తిప్పాలి. ఆ సంగతి చెప్పాల్సింది తేమ సెన్సరే. ఉష్ణోగ్రత ఒక్కటే చూసి పంపు తిప్పే తోటల్లో వర్షాకాలమంతా నీరు, కరెంటు రెండూ పోయి తెగులు మిగులుతుంది.

సరిచూసుకోవడానికి ప్రయోగశాలే కావాలని లేదు. స్వచ్ఛమైన ఉప్పును కొద్ది నీటితో తడి ఇసుకలా కలిపి, మూత గట్టిగా పట్టే సీసాలో అడుగున వేసి, ఉప్పు తగలకుండా సెన్సర్‌ను పైన వేలాడదీసి, వేడి మారని గదిలో ఒక రాత్రి ఉంచితే లోపలి గాలి 75 శాతం తేమ దగ్గర స్థిరపడుతుంది. 20 నుంచి 30 డిగ్రీల మధ్య ఆ అంకె దాదాపు కదలదు. సెన్సర్ 75 చూపించాలి. 79 చూపిస్తే నాలుగు శాతం ఎక్కువ చెబుతోందని అర్థం. పాలీహౌస్‌లో అసలు పని జరిగేది 85 చుట్టూ కాబట్టి ఇంకో పరీక్ష కూడా చేయడం మంచిది. పొటాషియం క్లోరైడ్‌తో ఇలాగే చేస్తే 25 డిగ్రీల దగ్గర 84 శాతం వస్తుంది. పొటాషియం సల్ఫేట్‌తో 97 శాతం వస్తుంది. డ్రిప్పు ద్వారా ఎరువు పెట్టే రైతుకు ఈ పేర్లు కొత్తవి కావు. సంచిలోని ఎరువు రకం కాకుండా లాబొరేటరీ రకం చిన్న సీసా కొనుక్కుంటే అంకె నమ్మకంగా ఉంటుంది. థర్మామీటర్‌కైతే దంచిన మంచుగడ్డలు, కొద్ది నీరు కలిపిన గ్లాసు చాలు, అది సున్నా చూపించాలి. సాధారణ ఎలక్ట్రానిక్ తేమ సెన్సర్‌ను మాత్రం నీళ్లలో ముంచకూడదు.

పాలీహౌస్ మంజూరు చేసేటప్పుడు ఫ్యాను ఎన్ని అంగుళాలు, ప్యాడ్ ఎంత మందం, పైపు ఏ కంపెనీ అని తనిఖీ చేసే అధికారులు ఇంకొక ప్రశ్న కూడా అడగాలి: ఇందులోని సెన్సర్‌ను చివరిసారి ఎప్పుడు, దేనితో సరిచూశారు? అమ్మిన కంపెనీ ఏటా వచ్చి సరిచూడాలన్న షరతు ఒప్పందంలో ఉండాలి. రైతులు ఈలోగా చేయగలిగినవి రెండున్నాయి. సెన్సర్ మీద ఎండ పడకుండా గాలి ఆడే తెల్లటి గొడుగు పెట్టి, మొక్కల కొసల ఎత్తుకు దించండి. తొలకరికి ముందు ఒకసారి, చలి మొదలవగానే ఇంకోసారి ఉప్పు సీసాలో పెట్టి చూసి, తేదీ, వచ్చిన అంకె ఆ పెట్టె మీదే రాసి ఉంచండి.